పియానో నేర్చుకుంటే లెక్కలు వస్తాయా?

పొద్దున్నే వచ్చే పేపరు మడతలోంచి ఎప్పుడైనా ఇలాంటి కరపత్రం మీ ఒళ్లో జారిపడిందా? పైన నల్లటి పియానో బొమ్మ. దాని ముందు కూర్చున్న బుజ్జిపాప. కింద పెద్ద అక్షరాల్లో "మీ చిన్నారి మెదడుకు పదును పెట్టండి" అన్న పిలుపు. ఆ తరువాత వరుసగా హామీలు: లెక్కల్లో మార్కులు పెరుగుతాయి, జ్ఞాపకశక్తి పెరుగుతుంది, ఏకాగ్రత కుదురుతుంది, మెదడు కుడి ఎడమ భాగాలు రెండూ చురుగ్గా పనిచేస్తాయి. చివర్లో "ఇది శాస్త్రజ్ఞులు నిరూపించిన సత్యం" అని ఒక ముద్ర.

ఆ ముద్రను నమ్మినవాళ్లు మా పక్క వాటాలోనే ఉన్నారు. వాళ్ల పాపకు ఎనిమిదేళ్లు. ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు కీబోర్డు క్లాసుకు వెళ్లింది. సాయంత్రాలు గోడకు అవతల నుంచి ఆ పాప సాధన నాకు వినబడుతూ ఉండేది. మొదట్లో తడబడే వేళ్లు, కొన్నాళ్లకు కుదురుకున్న లయ, ఆ తరువాత రెండు చేతులూ కలిపి వాయించిన చిన్నచిన్న పాటలు. ఉన్నట్టుండి ఒకరోజు ఆగిపోయింది. అడిగితే వాళ్ల అమ్మ అన్నారు: "ఏడాదిన్నర చూశాం అన్నయ్యగారూ. లెక్కల్లో మార్కులేమీ పెరగలేదు. ఆ డబ్బేదో ట్యూషన్‌కు పెడదామని మాన్పించేశాం."

ఆ తల్లిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆమెకు అమ్మింది సంగీతం కాదు, మార్కులు. మార్కులు రాకపోయేసరికి సరుకు వద్దన్నారు. మనం అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ సరుకు మీద శాస్త్రం పేరుతో ముద్ర వేసే అధికారం ఎవరికైనా ఉందా? ఆ ముద్ర వెనక ఉన్న పరిశోధనలు నిజంగా ఏం చెప్పాయి? రండి, ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

కథ ఎక్కడ మొదలైంది

ఈ ప్రచారానికి విత్తనం 1993లో పడింది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇర్వైన్ శాఖలో ఫ్రాన్సెస్ రౌషర్, గోర్డన్ షా, కేథరిన్ కై అనే ముగ్గురు పరిశోధకులు 36 మంది కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకు ఒకసారి 10 నిమిషాల పాటు మొజార్ట్ రెండు పియానోల కోసం రాసిన ఒక సొనాటా వినిపించారు. మరోసారి మనసును, శరీరాన్ని సడలించే సూచనల టేపు వినిపించారు. ఇంకోసారి నిశ్శబ్దంగా కూర్చోబెట్టారు. ప్రతిసారీ ఆ వెంటనే కాగితం మడతలు, ఆకారాల అమరిక వంటి ఒక పరీక్ష పెట్టారు. మొజార్ట్ విన్న తరువాత వచ్చిన ఫలితం, ప్రజ్ఞాలబ్ధి లెక్కలోకి మారిస్తే, మిగతా రెండు సందర్భాల కంటే 8 నుంచి 9 పాయింట్లు ఎక్కువగా ఉంది. 'నేచర్' పత్రికలో ఒక పేజీకి మించని నివేదికగా ఇది అచ్చయింది.

ఇక్కడ మూడు సంగతులు గమనించండి. ప్రయోగంలో పాల్గొన్నది పసిపిల్లలు కాదు, కాలేజీ విద్యార్థులు. వాళ్లు పియానో నేర్చుకోలేదు, ఊరికే విన్నారు. పైగా ఆ ప్రభావం 10, 15 నిమిషాలకు మించి నిలవలేదని ఆ పరిశోధకులే రాశారు.

అయినా ఈ చిన్న నివేదికకు రెక్కలొచ్చాయి. "మొజార్ట్ ప్రభావం" అనే పేరు జనం నోళ్లలో పడింది. 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్, రాష్ట్రంలో పుట్టే ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం టేపు గానీ సీడీ గానీ ఇవ్వడానికి 1,05,000 డాలర్లు కేటాయించమని శాసనసభను కోరారు. కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు విన్న సంగీతం ఊయలలోని పాపాయిల జీవితకాలపు తెలివిగా మారిపోయింది! గొంతు మారినకొద్దీ కథ పెరగడం మనకు తెలియనిది కాదు.

శాస్త్రం మాత్రం తన పని తాను చేసుకుపోయింది. 1999లో క్రిస్టఫర్ చాబ్రిస్ అప్పటికి వచ్చిన 16 అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి లెక్కగడితే, తేడా ప్రజ్ఞాలబ్ధిలో ఒకటిన్నర పాయింటు కూడా లేదు. 2010లో వియన్నా విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు 40 అధ్యయనాలను, 3,000 మందికి పైగా పాల్గొన్నవారి ఫలితాలను పరిశీలించారు. మొజార్ట్ సంగీతానికి ప్రత్యేకమైన శక్తి ఏదీ వారికి కనిపించలేదు. కెనడాలో చేసిన ప్రయోగాలు అసలు గుట్టు విప్పాయి. మనసుకు నచ్చినదేదైనా, సంగీతం కానివ్వండి, ఆసక్తిగా చదివి వినిపించిన కథ కానివ్వండి, విన్నవారికి కాసేపు హుషారు వస్తుంది. హుషారుగా ఉన్నవారు పరీక్ష కొంచెం బాగా రాస్తారు. అంతకుమించి అందులో మాయ లేదు. ఒక కప్పు మంచి కాఫీకి కూడా ఆ మాత్రం గుణం ఉంటుంది.

వినడం వేరు, నేర్చుకోవడం వేరు

"వినడం సంగతి సరే, మా పాప స్వయంగా వాయిస్తోంది కదా" అని మీరు అనవచ్చు. న్యాయమైన ప్రశ్న. వినడానికి పది నిమిషాలు చాలు, నేర్చుకోవడానికి ఏళ్లు పడతాయి. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

1997లో రౌషర్ బృందమే 3, 4 ఏళ్ల పిల్లలు 78 మందిని పరిశీలించింది. వారిలో 34 మందికి కొన్ని నెలల పాటు పియానో కీబోర్డు నేర్పించారు. మిగతావారిలో కొందరికి కంప్యూటరు, కొందరికి పాటలు నేర్పారు, కొందరికి ఏమీ నేర్పలేదు. కీబోర్డు నేర్చిన పిల్లలు ముక్కలు కలిపి బొమ్మను పూర్తిచేసే పరీక్షలో 34 శాతం మెరుగుపడ్డారని ప్రకటించారు. కరపత్రాల్లో నేటికీ కనబడే "34 శాతం" అంకెకు మూలం ఇదే. ఈ అంకె ఒకే ఒక్క రకం పరీక్షకు సంబంధించినది. అదే అధ్యయనంలో ఆకారాలను గుర్తుపట్టే ఇతర పరీక్షల్లో అలాంటి తేడా రాలేదు. ముక్కలు పేర్చే పరీక్షలో 34 శాతం మెరుగు అంటే తెలివి 34 శాతం పెరిగిందని కాదు, లెక్కల్లో 34 మార్కులు కలుస్తాయని అంతకన్నా కాదు.

ఎవరిని ఎవరితో పోల్చాలి?

పియానో నేర్చుకునే పిల్లలను, నేర్చుకోని పిల్లలను పక్కపక్కన నిలబెట్టి చూస్తే సాధారణంగా మొదటివాళ్లకే మార్కులు ఎక్కువ. ఇది నిజమే. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. పియానోనో, కీబోర్డో కొనగలిగే ఇల్లు ఏది? ఫీజు కట్టి, క్లాసుకు తీసుకెళ్లి, గంటసేపు బయట కూర్చుని, మళ్లీ ఇంటికి తీసుకొచ్చే తీరిక ఉన్న తల్లిదండ్రులు ఎవరు? ఆ ఇంట్లో పుస్తకాలుంటాయి, చదివి చెప్పే పెద్దలుంటారు, వేళకు తిండి ఉంటుంది. మార్కులకు పియానోయే కారణమని ఎలా చెబుతాం? ఇంగ్లీషు దినపత్రిక తెప్పించే ఇళ్లలో పిల్లలకు మార్కులు ఎక్కువ రావచ్చు. అంతమాత్రాన గుమ్మంలో పేపరు పడగానే పిల్లవాడికి ఎక్కాలు వచ్చేస్తాయా?

ఈ చిక్కును విడదీయడానికి స్వీడన్ పరిశోధకులు వేలమంది కవలలను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఒకే రూపు కవలలకు జన్యువులు ఒకటే, పెరిగిన ఇల్లూ ఒకటే. వారిలో ఒకరు సంగీత సాధన ఎక్కువగా, మరొకరు తక్కువగా చేసిన జంటలున్నాయి. సంగీతమే తెలివిని పెంచే పక్షంలో ఎక్కువ సాధన చేసిన కవల ప్రజ్ఞాలబ్ధిలో ముందుండాలి. అలా జరగలేదు.

టొరంటో, మాంట్రియల్ చెప్పిన మాటలు

ఇంకా గట్టి పద్ధతి ఒకటుంది. పిల్లలను చీటీలు తీసినట్టు బృందాలుగా విడదీసి, ఎవరికి ఏది నేర్పాలో ముందే నిర్ణయించడం. అలా చేస్తే ఉన్నవాళ్ల పిల్లలు, లేనివాళ్ల పిల్లలు, చురుకైనవాళ్లు, నెమ్మదైనవాళ్లు అన్ని బృందాల్లోనూ కలిసిపోతారు. కెనడాలో గ్లెన్ షెల్లెన్‌బర్గ్ ఈ పని చేసి 2004లో ప్రకటించారు. ఆరేళ్ల పిల్లలు 144 మంది. ఒక బృందానికి కీబోర్డు, ఒక బృందానికి గాత్రం, మరో బృందానికి నాటకం నేర్పారు. నాలుగో బృందానికి ఆ ఏడాది ఏమీ నేర్పలేదు. ఏడాది చివర సంగీతం నేర్చిన పిల్లల ప్రజ్ఞాలబ్ధి సగటున 7 పాయింట్లు పెరిగింది. తక్కినవాళ్లకు 4.3 పాయింట్లు పెరిగింది.

కరపత్రాలు రాసేవాళ్లు మొదటి అంకెను పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తారు. ఆరేళ్ల పిల్లలు ఏడాది బడికి వెళ్తే ఎలాగూ కొంత ఎదుగుతారు. సంగీతం ఖాతాలో వేయదగినది 2.7 పాయింట్లు మాత్రమే. ప్రజ్ఞాలబ్ధి పరీక్షలో సగటు 100. మూడింట రెండు వంతుల మంది 85కూ 115కూ మధ్య ఉంటారు. ఆ కొలబద్ద మీద 2.7 ఎంతో మీరే ఊహించండి. ఇంకో ముఖ్య విషయం: కీబోర్డు బృందానికీ గాత్రం బృందానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఆ కాస్త లాభానికైనా పియానోయే అక్కర్లేదు, గొంతు చాలు. నాటకం నేర్చిన పిల్లలు ప్రజ్ఞాలబ్ధిలో ముందుకు పోలేదు గానీ, నలుగురితో మెలగడంలో మెరుగయ్యారు. మరి నాటకం క్లాసుల కరపత్రాలు మనకెందుకు రావు?

మాంట్రియల్ ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. యూజీనియా కోస్టా-జియోమీ అక్కడ తక్కువ ఆదాయం గల కుటుంబాల నుంచి తొమ్మిదేళ్ల వయసు పిల్లలు 117 మందిని ఎంచుకున్నారు. ఎవరింట్లోనూ పియానో లేదు. వారిలో 63 మందికి మూడేళ్ల పాటు వారం వారం పాఠాలు ఉచితం. ఇంటికి ఒక పియానో కూడా ఉచితంగా ఇచ్చారు. మొదటి రెండేళ్లలో తెలివిని కొలిచే పరీక్షల్లో వీరు కొంచెం ముందున్నారు. మూడో ఏడు ముగిసేసరికి ఆ తేడా మాయమైంది. లెక్కల్లోనూ, భాషలోనూ ఎలాంటి తేడా కనిపించలేదు. అయితే పియానో నేర్చిన పిల్లలకు తమ మీద తమకు గౌరవం పెరిగింది. ఈ చివరి వాక్యాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

2020లో సాలా, గోబే అనే ఇద్దరు పరిశోధకులు సంగీత శిక్షణ మీద జరిగిన 54 అధ్యయనాలను, సుమారు 7,000 మంది పిల్లల ఫలితాలను కలిపి చూశారు. అధ్యయనం ఎంత పకడ్బందీగా జరిగితే ఫలితం అంత తగ్గుతూ వచ్చింది. సంగీతానికి బదులు మరో ఆసక్తికరమైన పని నేర్పిన పిల్లలతో పోలిస్తే తేడా దాదాపు సున్నా. ఈ లెక్క కట్టిన తీరును ఇద్దరు ఫ్రెంచి పరిశోధకులు 2022లో తప్పుపట్టారు. కొద్దిపాటి లాభం ఉందని వారి వాదం. శాస్త్రంలో ఇలాంటి వాదోపవాదాలు ఆరోగ్య లక్షణం. కానీ వివాదమంతా సున్నాకూ స్వల్పానికీ మధ్యనే. కరపత్రం హామీ ఇచ్చేది ఆ రెంటిలో ఏదీ కాదు.

"అయితే ఉపయోగం లేదన్నమాట!"

ఈ విషయాలన్నీ మా పక్క వాటా ఆవిడకు చెబితే, "అయితే మాన్పించడమే మంచిదయింది, పియానో వల్ల ఉపయోగం లేదన్నమాట" అన్నారు. కరపత్రం ఎంత లోతుగా పనిచేసిందో నాకప్పుడు అర్థమైంది. మార్కులకు పనికిరానిది దేనికీ పనికిరాదన్న మాట అది. పాఠకులారా, అసలు తప్పు అక్కడుంది.

పియానో ముందు కూర్చున్న పిల్ల ఏం చేస్తుందో ఒకసారి దగ్గరగా చూడండి. ఎదురుగా 88 మెట్లు. ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ స్థాయి పెరుగుతుంది. మెట్టు నొక్కితే లోపల ఒక చిన్న సుత్తి తీగను కొడుతుంది. మెల్లగా నొక్కితే మెల్లని నాదం, గట్టిగా నొక్కితే పెద్ద నాదం. కాగితం మీద రెండు వరుసల్లో స్వరలిపి ఉంటుంది. మామూలుగా పై వరుస కుడి చేతికి, కింది వరుస ఎడమ చేతికి. కళ్లు రాబోయే స్వరాన్ని ముందే చదవాలి, వేళ్లు ఇప్పటి స్వరాన్ని వాయించాలి, చెవి అప్పుడే వాయించిన స్వరాన్ని తూకం వేయాలి. తప్పు పడితే ఉపాధ్యాయుడు చెప్పనక్కర్లేదు, చెవే చెబుతుంది. మళ్లీ వెనక్కి వెళ్లి అక్కడి నుంచి ఎత్తుకోవాలి.

ఇన్నాళ్లు ఇలా చేస్తే మెదడు మారదా? మారుతుంది. బోస్టన్, మాంట్రియల్ పరిశోధకులు ఆరేళ్ల పిల్లలు 31 మందిని 15 నెలల పాటు గమనించి 2009లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 15 మంది వారానికి అరగంట కీబోర్డు నేర్చుకున్నారు. ఆ పిల్లల మెదడులో వేళ్లను నడిపే భాగంలోనూ, శబ్దాన్ని గ్రహించే భాగంలోనూ, రెండు అర్ధగోళాలను కలిపే నాడీ వంతెనలోనూ మిగతా పిల్లలకు లేని మార్పులు స్కానింగులో కనిపించాయి. వేళ్ల కదలికలు చురుకయ్యాయి. రాగంలో, లయలో తేడాలను మరింత బాగా పట్టుకోగలిగారు. కానీ మాటలకు, ఆకారాలకు సంబంధించిన ఇతర పరీక్షల్లో తేడా రాలేదు.

బీజింగులో 4, 5 ఏళ్ల పిల్లలు 74 మందితో చేసి 2018లో ప్రకటించిన ప్రయోగమూ ఇదే దారిలో ఉంది. చైనా భాషలో ఒకే అక్షరాన్ని వేరువేరు శ్రుతుల్లో పలికితే వేరువేరు అర్థాలొస్తాయి. కాబట్టి చెవికి పదును అక్కడ ఎంతో అవసరం. వారానికి మూడుసార్లు 45 నిమిషాల చొప్పున ఆరు నెలలు పియానో నేర్చిన పిల్లలు హల్లుల్లో మాత్రమే తేడా ఉన్న మాటలను బాగా గుర్తుపట్టారు. ఈ విషయంలో అదనంగా చదవడం నేర్చుకున్న పిల్లలను సైతం దాటారు. ప్రజ్ఞాలబ్ధిలో, ఏకాగ్రతలో, జ్ఞాపకశక్తిలో మాత్రం మూడు బృందాలూ సమానమే.

ఈ ఫలితాలన్నిటిలో ఒక పొందిక ఉంది. సాధన చేసినదీ, దానికి ఆనుకుని ఉన్నదీ మెరుగవుతాయి. దూరంగా ఉన్నది అలాగే ఉంటుంది. చెరువులో ఈత నేర్చినవాడు కాలువలోనూ ఈదగలడు. అంతమాత్రాన తాటిచెట్టు ఎక్కలేడు. పియానో చెవికి, వేళ్లకు, లయకు శిక్షణ ఇస్తుంది. భిన్నాల లెక్కలు రావాలంటే భిన్నాల లెక్కలే చేయాలి.

తప్పుడు హామీ వల్ల నష్టం ఎవరికి?

"పోనీలెండి, ఈ వంకనైనా నాలుగు స్వరాలు నేర్చుకుంటారు కదా" అనే మిత్రులున్నారు. నేను ఒప్పుకోను. మార్కుల కోసం చేరిన పిల్ల మార్కుల కోసమే మానేస్తుంది. అది కూడా వేళ్లు కుదురుకుని, ఇక సంతోషం మొదలవబోయే వేళకు. పైగా "నేర్చుకున్నా నాకు తెలివి పెరగలేదు" అన్న ముల్లు ఆ పసిమనసులో మిగిలిపోతుంది. మాంట్రియల్ పిల్లలు మూడేళ్లలో సంపాదించుకున్న ఆత్మగౌరవాన్ని ఈ హామీ తిరగేసి లాక్కుంటుంది.

పియానో కొనలేని తల్లిదండ్రులకు మరో రకం నష్టం. తమ బిడ్డ మెదడుకు ఏదో లోటు చేశామన్న దిగులు. అలాంటి దిగులు పెట్టుకోనక్కర్లేదని పై ఫలితాలే చెబుతున్నాయి. మీ వీధిలో గాత్రం నేర్పే టీచరుగారు ఉంటే, సరళి స్వరాలు, జంట స్వరాలు మూడు కాలాల్లో పాడించే పంతులుగారు ఉంటే, మీ పిల్లల చెవికీ, లయకూ చక్కటి సాధన దొరుకుతుంది. హార్మోనియం, మృదంగం, వీణ, డప్పు, దేనికదే గొప్ప.

అన్నిటికంటే పెద్ద నష్టం బడులకు. 2005 నాటి జాతీయ విద్యా ప్రణాళికా చట్రం సంగీతాన్నీ, ఇతర కళలనూ బడి చదువులో భాగం చేయాలని చెప్పింది. సంగీతం లెక్కలకు పనికొస్తుంది కాబట్టి పెట్టాలని మనం వాదించామనుకోండి. రేపు ఎవరో ఈ అధ్యయనాలు ముందుపెట్టి "పనికిరాదట కదా, ఆ పీరియడు కూడా లెక్కలకే ఇచ్చేయండి" అంటే మన దగ్గర జవాబుండదు. సంగీతం సంగీతంగానే పిల్లలకు కావాలి అని మొదటి నుంచీ చెప్పినవారికే ఆ రోజు నోరు పెగులుతుంది.

మీరు అడగవలసినవి

ఈసారి కరపత్రం చేతికొస్తే చింపి పారేయకండి. అందులో "నిరూపించారు" అన్న మాట చూసి నాలుగు ప్రశ్నలు వేయండి. ఏ వయసు వాళ్ల మీద చేశారు? ఎవరితో పోల్చారు? దేన్ని కొలిచారు? ఫలితం ఎంతకాలం నిలిచింది? వీటికి జవాబు లేకపోతే ఆ ముద్ర ఉత్తుత్తిదే. పియానోకే కాదు, టానిక్కులకూ, ట్యూషన్లకూ, "మెదడును పెంచే" ఆటబొమ్మలకూ ఈ ప్రశ్నలు సరిపోతాయి.

పాపను చేర్పించే ముందు పాపను అడగండి. ఇష్టమంటే ఖరీదైన పియానో మొదటి రోజే కొననక్కర్లేదు. గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలికే కీబోర్డు దొరికితే మొదలుపెట్టడానికి అది చాలు. వారానికి ఒకసారి రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే రోజూ కొంచెం సేపు మేలు. వాయిస్తున్నప్పుడు మీరు పక్కన కూర్చుని వినండి. తప్పులు ఎంచకండి, చెవి ఆ పని చేస్తుంది. ప్రోగ్రెస్ కార్డును మాత్రం ఆ గదిలోకి తీసుకెళ్లకండి.

మా పక్క వాటా కీబోర్డు ఇప్పుడు బీరువా మీద గుడ్డ కప్పుకుని ఉంది. మొన్న ఆ పాప మా ఇంటికొచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ బల్ల అంచు మీద రెండు చేతుల వేళ్లూ ఆడిస్తూ కూర్చుంది. ఏమిటమ్మా అది అని అడిగాను. "పాట మామయ్యా, మర్చిపోకుండా" అంది. ఆమె వాళ్ల అమ్మతో మరోసారి మాట్లాడాలనుకుంటున్నాను. ఈసారి మార్కుల ప్రసక్తి లేకుండా.